గుట్ట ఎవలది?

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో ఫేస్టన్ అనే చిన్న ఊరి దగ్గర మ్యాడ్ రివర్ గ్లెన్ అని ఒక స్కీ కొండ ఉంది. 1948లో మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన రోలండ్ పామెడో అంతకుముందు స్టో అనే చోట స్కీ లిఫ్టు పెట్టించినవాళ్లలో ఒకడు. అక్కడ వ్యాపారం ముదిరిపోవడం నచ్చక ఈ కొండకి వచ్చాడు. 1970ల్లో అది ప్రాట్ కుటుంబం చేతికి వచ్చింది. బెట్సీ ప్రాట్ అనే ఆవిడ చాలా ఏళ్లు దాన్ని తన ఇష్టప్రకారం, కొంచెం మొండిగానే నడిపింది. ఇక చాలనుకున్నాక 1995లో అమ్మింది, అదీ ఏ రిసార్టు కంపెనీకో కాకుండా ఆ కొండ మీద స్కీ చేసే మనుషులకే. వాళ్లు సహకార సంఘంగా ఏర్పడి, మొదట్లో వాటాకి 1,500 డాలర్ల చొప్పున వేసుకుని కొండని కొనుక్కున్నారు. ఈ రోజుకీ అది వాళ్లదే.

సహకార సంఘం అంటే మనకి పాలకేంద్రం గుర్తొస్తుంది, చేనేత సొసైటీ గుర్తొస్తుంది. కొండకి సొసైటీ ఏమిటని మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత వాళ్లు తమ ఆశయంగా రాసుకున్నదేమిటో చదివాను. కొండ మీద జనం పల్చగా ఉండేలా చూడటం, సహజమైన నేలనీ అడవినీ కాపాడటం, ఒక్కో దారికి ఉన్న స్వభావాన్ని చెరిపెయ్యకుండా ఉంచటం. అందులో లాభం మాట ముందుకు రాదు. అంటే కొండని కొన్నాక వాళ్లు చేసిన మొదటి పని, ఆ కొండకి తాము ఏమేం చెయ్యకూడదో రాసుకోవడం.

నేను గోదావరిఖనిలో పుట్టి పెరిగాను. బాపు బాయి పనిలో రిటైరయ్యారు. మా దగ్గర మంచు పడదని చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఊళ్లలో మాదొకటి. అయినా ఆ వెర్మాంట్ కొండ గురించి చదివిన దగ్గర్నుంచి నా బుర్రలో తిరుగుతున్నవి మా ఊరి గుట్టలే. రాజీవ్ రహదారి మీద రామగుండం వైపు వచ్చినవాళ్లు చూసే ఉంటారు. దూరం నుంచి చూస్తే అచ్చం కొండలే. దగ్గరికొస్తే మెట్లు మెట్లుగా, పైన బల్లపరుపుగా, ఎవరో స్కేలు పెట్టి కోసినట్టు ఉంటాయి. అవి మనుషులు పోసిన గుట్టలు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం తవ్వి తీసిన మట్టీ రాయీ డంపర్లతో తెచ్చి పోసినవి. ఓబీ గుట్టలంటారు, మట్టి గుట్టలంటారు.

ఒక గుట్టకి సొంతదారులంటే ఎవరు? కాగితం మీద పేరున్నవాళ్లా, దాని నీడలో బతికేవాళ్లా? ప్రశ్న పాతదే. పొలం విషయంలోనూ అడవి విషయంలోనూ మనవాళ్లు దీని మీద చాలా రక్తం ధారపోశారు. కానీ మనుషులే కొత్తగా ఒక గుట్టని తయారుచేసినప్పుడు ఈ ప్రశ్న ఇంకోలా తిరగబడుతుందని నాకనిపిస్తుంది.

ముందు స్కీయింగ్‌లో టెర్రైన్ అనే మాటకున్న అర్థం చెప్పాలి. తెలుగులో నేల తీరు అనుకుందాం. ఎంత వాలు, వాలు ఏ దిక్కుకి తిరిగి ఉంది, ఎక్కడ ఎగుడు, ఎక్కడ దిగుడు, చెట్లు ఎంత దగ్గరగా ఉన్నాయి, కింద రాయి ఉందా గడ్డి ఉందా అన్నీ కలిపి. ఉత్తరం వైపు వాలితే ఎండ తగలక మంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది. దక్షిణం వైపు వాలితే మధ్యాహ్నానికి మెత్తబడి, రాత్రికి గడ్డకట్టి గాజులా తయారవుతుంది. ఫాల్ లైన్ అని ఇంకొకటుంది. కొండ మీద బంతిని వదిలితే అది దొర్లుకుంటూ పోయే దారి అన్నమాట. వాన నీళ్లు పోయే దారి కూడా అదే. స్కీ నేర్చుకోవడమంటే ఆ గీతని పాదాలతో గుర్తుపట్టడం.

అమెరికా కొండల మీద దారులకి గుర్తులుంటాయి. తేలికైనదానికి ఆకుపచ్చ గుండ్రం, మధ్యస్థానికి నీలం చతురస్రం, కష్టమైనదానికి నల్ల డైమండ్. నాకు బాగా నచ్చిన సంగతేమిటంటే ఈ గుర్తులకి దేశమంతటికీ వర్తించే కొలత లేదు. ఏ కొండకా కొండ తన దారుల్ని తనలో తాను పోల్చుకుని గుర్తులేసుకుంటుంది. ఒకచోట నల్ల డైమండ్ ఇంకోచోట నీలం చతురస్రం కావచ్చు. ప్రాజెక్టు పని మీద రెండు చలికాలాలు బోస్టన్ పక్కన ఉన్నప్పుడు నేనూ వీకెండుల్లో వెళ్లాను. అద్దె బూట్లూ అద్దె కర్రలూ వేసుకుని, మన తెలుగువాళ్లం నలుగురైదుగురం ఆకుపచ్చ గుండ్రం మీద ఆరేళ్ల పిల్లల మధ్యన పడుతూ లేస్తూ. మ్యాడ్ రివర్ గ్లెన్‌కి వెళ్లే స్థాయి నాకెప్పుడూ రాలేదు. చేతనైతే స్కీ చెయ్యమని సవాలు విసిరే కొండ అది. వాళ్ల బంపర్ స్టిక్కర్ల మీద ఉండేది ఆ అర్థమొచ్చే మాటే.

ఆ కొండ మీద 1948 నాటి లిఫ్టు ఒకటుంది. తాడుకి వేలాడే కుర్చీలు, కుర్చీకి ఒక్క మనిషి. కొత్త రిసార్టుల్లో నలుగురు, ఆరుగురు కూచునేవి గంటకి 2,000 మందికి పైగా మోస్తాయి. ఈ ఒంటి కుర్చీ మోసేది అందులో నాలుగో వంతు ఉంటుందేమో. ఇక మార్చక తప్పని వయసు దానికి వచ్చినప్పుడు, ఇద్దరు కూచునేది పెడదామా అన్న చర్చ సంఘంలో నడిచింది. చివరికి విరాళాలు పోగేసి, 2007లో ఒంటి కుర్చీనే మళ్లీ కొత్తగా కట్టుకున్నారు. వాళ్ల వాదంలో జ్ఞాపకాల మీద మోజు కొంత ఉండొచ్చు గానీ, అసలు లెక్క వేరే. పైకి ఎంతమందిని పంపితే అంతమందీ కిందికి దిగాలి. దిగేవాళ్లు ఎక్కువైతే మంచు త్వరగా అరిగిపోతుంది, దారులు వెడల్పు చెయ్యాలి, చెట్లు కొట్టాలి, మిషన్లతో మంచు తయారుచెయ్యాలి. దాంతో నేల తీరే మారిపోతుంది. కుర్చీ వెడల్పే కొండ ఆకారాన్ని నిర్ణయిస్తుంది.

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాడిగా నాకిది మింగుడుపడటానికి టైం పట్టింది. మా వృత్తి ధర్మం బాటిల్‌నెక్ ఎక్కడుందో వెతికి తీసెయ్యడం. వాళ్లు వెతికి, దొరికాక, దాన్ని కాపాడుకున్నారు. వ్యవస్థ మొత్తానికి ఆ ఇరుకే రక్షణ అని తెలుసుకున్నారు.

ఆ ఒంటి కుర్చీ ఫొటోని ఒకసారి ఇంటికెళ్లినప్పుడు బాపుకి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"మా బాయిల గూడ ఉండె గిసుంటిది," అన్నారు.

నిజమే. భూగర్భ గనుల్లో మ్యాన్ రైడింగ్ చెయిర్ లిఫ్టులని పెట్టారు. తిరిగే తాడు, దానికి వరసగా వేలాడే చిన్న చిన్న సీట్లు, ఒక్కోదాని మీద ఒక్క కార్మికుడు సైకిలెక్కినట్టు కూచుని కిందికి పోతాడు, షిఫ్టు అయ్యాక పైకొస్తాడు. అవి రాకముందు ఇంక్లైన్ పొడవునా నడకే. ఎనిమిది గంటల పని తర్వాత ఆ ఎక్కుడు ఎలా ఉండేదో మా బస్తీలో మోకాళ్ల నొప్పుల్లేని రిటైర్డు కార్మికుడు దొరికితే అడగాలి.

"ఎక్కుడు సరే, మల్ల దిగుడెట్ల?" అని అడిగారు బాపు.

"జారుకుంట దిగుతరు బాపూ. అందుకే ఎక్కేది."

"పైకి పోయేది కిందికి జారనీకేనా!" ఆయనకి నవ్వాగలేదు. "మాది ఉల్టా. దిగుడు ముందుగాల, ఎక్కుడు ఎన్కసీరి."

ఆ కొండ ఊరివాళ్లదేనని, వాటాలేసుకుని కొనుక్కున్నారని చెప్పాను. మన గుట్ట ఎవలది మరి అని కూడా అడిగాను. ఆయన తడుముకోలేదు. "గుట్ట కంపెనీది, బాయి కంపెనీది. జీతం మనది. గంతే గదా."

ఈ మాటని తేలిగ్గా తీసెయ్యలేను. దీని వెనక ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసు ఉంది, నా ఇంజనీరింగ్ ఫీజులున్నాయి. పైగా మా దగ్గర కంపెనీ అంటే ఎవరో దూరదేశపు పెట్టుబడిదారు కాదు. సింగరేణిలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీతో మొదలైన ఈ కథ 1945లో నిజాం సర్కారు చేతికి, తర్వాత ప్రజా ప్రభుత్వాల చేతికి వచ్చింది. లాభంలో కార్మికులకి వాటా ఇచ్చే ఆనవాయితీ కూడా ఉంది. 2022–23 సంవత్సరానికి 32 శాతం, అంటే 711 కోట్లు, దసరా ముందు పంచారు. 2024లో కాంట్రాక్టు కార్మికులకి కూడా మొదటిసారిగా తలా 5,000 రూపాయలిచ్చారు. ఇన్ని ఉన్నాక, గుట్ట ప్రజలదే కదా, కొత్తగా వెర్మాంట్ సొసైటీ కథలెందుకు అని ఎవరైనా అంటే అది న్యాయమైన ప్రశ్నే.

జవాబు కోసం గుట్టనే చూడాలి.

ఓబీ అంటే ఓవర్ బర్డెన్. పైనున్న బరువు. ఈ మాట బొగ్గు దృష్టిలోంచి పుట్టింది. పొర మీద నిలబడి పైకి చూస్తే, ఇసుకరాయీ, ఎర్రమట్టీ, నల్లరేగడీ, పత్తి చేనూ, బావీ, బొడ్రాయీ అన్నీ తీసి పక్కన పారెయ్యాల్సిన బరువే. గోదావరి లోయలో బొగ్గు పొరల పైన మందపాటి ఇసుకరాతి పొరలున్నాయి. ఓపెన్‌కాస్టుల్లో టన్ను బొగ్గు తియ్యడానికి సగటున ఐదారు ఘనపు మీటర్ల ఓబీ తియ్యాల్సి వస్తోంది. అంటే రైలెక్కి పోయే సరుకు కంటే మా దగ్గర మిగిలిపోయేదే ఎన్నో రెట్లు ఎక్కువ. తవ్వేటప్పుడు ముందు పైమట్టి వస్తుంది, తర్వాత దాని కిందిది, ఆ తర్వాత ఇంకా కిందిది. పోసేటప్పుడు ముందొచ్చింది అడుక్కి పోతుంది. పైమట్టిని విడిగా దాచి తర్వాత గుట్ట మీద పరచాలని నియమం ఉంది. అది జరగనిచోట గుట్టంటే తలకిందులైన పొలమే. కోట్ల ఏళ్ల కిందటి రాయి పైన ఎండకి తేలి, మొన్నటి దాకా విత్తనం పడ్డ మన్ను వంద మీటర్ల కింద ఊపిరాడక ఉంటుంది.

ఈ గుట్ట ఆకారాన్ని ఎవరు గీశారు? ఎవరూ కూచుని గీయలేదంటే అతిశయోక్తి కాదు. మూడు సంగతులు కలిసి గీశాయి. ఒకటి డంపరు ఎంత దూరం పోవాలన్న లెక్క. ప్రతి అదనపు కిలోమీటరూ డీజిలే కాబట్టి గుట్ట గనికి దగ్గర్లోనే లేస్తుంది. రెండోది ఎంత భూమి చేతిలో ఉందన్నది. భూమి తక్కువైతే గుట్ట పైకి పెరుగుతుంది. మూడోది చట్టం. గుట్ట వాలు ఆ మట్టి తనంతట తాను నిలిచే కోణాన్ని బట్టి ఉండాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ 37.5 డిగ్రీలు మించకూడదు, 30 మీటర్లు దాటితే మెట్లుగా కొయ్యాలి, మొత్తం వాలు ఒకటికి ఒకటిన్నర దాటకూడదు అని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లో రాశారు. స్కీ భాషలో చెప్తే 37.5 డిగ్రీలంటే నల్ల డైమండ్లలో కూడా ముదురుది. మా ఇంటి డాబా మీంచి కనపడేది అదీ.

ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది. గుట్ట పాదం రైలు పట్టాలకి, రోడ్డుకి, ఇళ్లకి ఫలానా దూరం లోపలికి రాకూడదు అని చెప్తూ, ఆ ఇళ్లూ కట్టడాలూ యజమానికి చెందనివైతేనే అన్న షరతు పెట్టారు. అంటే చట్టం దృష్టిలో లోకం రెండు ముక్కలు: యజమానికి చెందినది, చెందనిది. గుట్ట కింద బతికేవాళ్లకి ఆ వాక్యంలో ఉన్న చోటు కట్టడం పక్కన ఉండే దూరం మాత్రమే. మాట్లాడే నోరు లేదు.

ప్రజల తరఫున అన్న మాట ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే వేల్స్‌లోని అబెర్‌ఫాన్ గుర్తు చేసుకోవాలి. 1947 జనవరి 1న బ్రిటన్ బొగ్గు గనులన్నీ జాతీయమయ్యాయి. ఆ రోజు గనుల దగ్గర బోర్డులు పెట్టారు, ఈ గనిని ఇకపై నేషనల్ కోల్ బోర్డు ప్రజల తరఫున నడుపుతుందని. అబెర్‌ఫాన్ ఊరి పైన కొండ మీద గని చెత్త పోసిన గుట్టలు ఏడు. ఏడోది ఊట నీళ్ల మీద పోశారు. ఆ ఊటలు ఊరందరికీ తెలుసు, మ్యాపుల్లోనూ ఉన్నాయి. 1966 అక్టోబర్ 21 ఉదయం, బడి మొదలైన కాసేపటికి, ఆ గుట్ట జారి పాంట్‌గ్లాస్ ప్రాథమిక పాఠశాల మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు పోయారు. విచారణ ట్రిబ్యునల్ బోర్డుదే తప్పంది. ఒక్కరి మీదా కేసు నడవలేదు, ఒక్కరి ఉద్యోగమూ పోలేదు.

నన్ను ఎక్కువ వేధించేది ఆ తర్వాత జరిగిన సంగతి. మిగిలిన గుట్టల్ని కూడా తీసెయ్యమని పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు అడిగారు. అవి ప్రమాదకరం కాదని వాదించారు. చివరికి తీస్తామన్నారు కానీ ఖర్చులో 1,50,000 పౌండ్లు బాధితుల కోసం లోకం పంపిన విరాళాల నిధి నుంచి తీసుకున్నారు. గుట్ట పోసినప్పుడు వాళ్లకి చెప్పలేదు, తియ్యడానికి మాత్రం వాళ్ల డబ్బు కావాల్సి వచ్చింది. ఆ మొత్తాన్ని 1997లో, వడ్డీ మాట లేకుండా, తిరిగిచ్చారు. 2007లో వేల్స్ ప్రభుత్వం మరికొంత పెద్ద మొత్తం ఇచ్చింది.

ఇది ప్రైవేటు దురాశ కథ అయ్యుంటే మనకి అర్థం చేసుకోవడం తేలిక. మనవాళ్ల సాహిత్యంలో దానికి తయారు సరుకు బోలెడుంది. కానీ ఇక్కడ యజమాని ప్రజలు. ప్రజల పేరు మీదున్న సంస్థ, ఆ ప్రజల్లోనే ఉన్న ఒక ఊరికి, ఆ ఊరి గుట్ట గురించి మాట్లాడే హక్కు లేకుండా చేసింది. ఇందులో తర్కదోషం ఎక్కడుందో నేను చాలాకాలం వెతికాను. నాకు తోచిందిది: అందరిదీ అన్నప్పుడు అందరికీ సమానంగా చిన్న ముక్క వస్తుంది, హైదరాబాదులో ఏసీ గదిలో కరెంటు వాడుకునే నాకూ, గుట్ట పాదం దగ్గర బర్రెల కొట్టం ఉన్న మనిషికీ ఒకే సైజు ముక్క. గుట్ట బరువు మాత్రం అలా సమానంగా పంచబడదు. అది ఒకేచోట ఉంటుంది. వెర్మాంట్ సంఘంలోనూ వాటాలు సమానమే, కానీ వాటా కొన్నవాళ్లు ఆ కొండ మీద తిరిగేవాళ్లు, ఆ నేల తీరు మోకాళ్లకి తెలిసినవాళ్లు. మా దగ్గర లాభంలో శాతం ఉంది. నేల తీరులో ఎవరికీ ఏ శాతమూ లేదు.

ఇక్కడ వెర్మాంట్‌ని నెత్తిన పెట్టుకోవడం కూడా నాకిష్టం లేదు. ఆ కొండ మీద స్నోబోర్డు నిషేధం. రెండు కాళ్లూ ఒకే పలక మీద పెట్టి జారే కుర్రాళ్లకి ప్రవేశం లేదు. ఆ నిషేధాన్ని బెట్సీ ప్రాట్ పెట్టింది, సంఘం ఉంచింది. అమెరికా మొత్తంలో ఇలాంటి కొండలు మూడే మిగిలాయి. దానికి వాళ్లు చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి గానీ నన్నడిగితే అది ఊరి పెద్దమనుషుల బుద్ధి. స్థానికుల చేతికి అధికారమిస్తే స్థానికుల అహాలు కూడా దాంతోపాటే వస్తాయి. మన పల్లెల్లో గుడి ముందు నుంచి ఎవరు చెప్పులేసుకుని నడవొచ్చో నిర్ణయించింది కూడా స్థానికులే కదా. పైగా 1,500 డాలర్లు ఆట కోసం పెట్టగలిగినవాళ్ల ప్రజాస్వామ్యం అది. ఆ కొండ మూతపడితే వాళ్ల వీకెండు పోతుంది. మా గని మూతపడితే బజారే పోతుంది. భూగర్భ గనులు తగ్గిన కొద్దీ ఖాళీ అవుతున్న క్వార్టర్లు మాకు కళ్లముందే ఉన్నాయి. ఆ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టలేం.

అయినా వాళ్ల దగ్గర తీసుకోదగిన ముక్క ఒకటి ఉందని ఎందుకంటున్నానంటే, గుట్ట ఆకారం అనేది అడగదగిన ప్రశ్న అని వాళ్లకి తెలుసు. ఓపెన్‌కాస్టుకి పర్యావరణ అనుమతి కావాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, 2006 నోటిఫికేషన్ ప్రకారం. టెంటు వేస్తారు, కలెక్టరో ఆయన తరఫు అధికారో వస్తారు, పోలీసులుంటారు. జనం ఏం అడుగుతారు? ఎకరానికి ఎంత, ఇంటికో ఉద్యోగం వస్తుందా, బాంబులు పేలిస్తే గోడలు పగులుతున్నయ్, దుమ్ము, నీళ్లు. అన్నీ న్యాయమైనవే, అన్నీ ముందుగా అడగాల్సినవే. ఇరవై ఏళ్ల తర్వాత మా ఊరి తూర్పున ఎంత ఎత్తు గుట్ట ఉంటుంది, దాని వాలు ఎటు తిరిగి ఉంటుంది, వాన నీళ్లు ఏ చెరువులోకి పోతాయి, పొద్దు ఎన్నింటికి కనిపిస్తుంది అని అడిగినవాళ్ల గురించి నేను వినలేదు. అడగొచ్చని చెప్పినవాళ్ల గురించీ వినలేదు. నిజానికి ఆ బొమ్మ అప్పటికే గీసి ఉంటుంది. 2009 నుంచి ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలి, దాని ఖర్చుకి విడిగా ఎస్క్రో ఖాతాలో డబ్బు జమ చెయ్యాలి. చివరికి గుంట ఎక్కడుంటుంది, గుట్ట ఎక్కడుంటుంది అన్నది కాంటూర్ గీతలతో సహా ఆ ఫైల్లో ఉంటుంది. ఆ గీతల్ని చదవడం మా ఊళ్లో సర్వేయర్లకీ ఇంజనీర్లకీ తెలుసు. ఊరికి తెలియదు.

గుట్ట ఆకారం మీద మాటంటే అది అందం గురించిన గొడవ అనుకుంటారేమో. 2016 డిసెంబర్లో జార్ఖండ్ లాల్‌మటియా ఓపెన్‌కాస్టులో ఓబీ జారి కూలి ఇరవై మందికి పైగా కార్మికులు చనిపోయారు. మంచు కొండ మీద ఫాల్ లైన్ తప్పు అంచనా వేస్తే కాలు విరుగుతుంది. మట్టి గుట్ట మీద నీళ్ల దారిని తప్పు అంచనా వేస్తే ఎవరి మీదికి వస్తుందో చెప్పలేం. రెండు చోట్లా చదవాల్సిన గీత ఒకటే.

స్కీకీ బొగ్గు గుట్టకీ నిజంగానే పెళ్లి చేసిన ఊళ్లు కూడా ఉన్నాయి. జర్మనీలో రూర్ ప్రాంతంలో బోట్రాప్ అనే పట్టణంలో గని చెత్త గుట్ట మీద 640 మీటర్ల పొడవైన కప్పు వేసిన స్కీ హాలు కట్టారు, 2001లో. మార్క్ జిరార్డెల్లి అనే పేరున్న స్కీ ఆటగాడి ఆలోచన. ఏడాది పొడవునా లోపల కృత్రిమ మంచు. అదే పట్టణంలో ఉన్న ప్రాస్పర్-హానియెల్ జర్మనీలో చివరిగా మూతపడ్డ రాతిబొగ్గు గని. 2018 డిసెంబర్ దాకా ఆ హాలూ ఆ గనీ పక్కపక్కనే నడిచాయి. ఫ్రాన్సు ఉత్తరాన ను-లే-మిన్ అనే గని పట్టణంలో ఇంకోరకం. 1996లో గని గుట్ట మీద ప్లాస్టిక్ పరుపులాంటిది వేసి, మంచు లేకుండానే జారే చిన్న స్కీ దారి పెట్టారు. ఆల్ప్స్‌కి పోయే స్తోమత లేని గని పిల్లలు వాళ్ల తాతలు తవ్విపోసిన దాని మీదే స్కీ నేర్చుకోవచ్చు. బోట్రాప్ హాలు కంటే ఈ చిన్న దారే నాకు గౌరవంగా కనిపిస్తుంది. బోట్రాప్‌లో గుట్ట కేవలం ఎత్తు కోసం వాడుకున్న దిమ్మె, లోపలున్నవాళ్లకి బయటి గుట్ట కనిపించదు. ను-లే-మిన్‌లో గుట్ట గుట్టగానే ఉండి ఊరికి పనికొచ్చింది.

మా దగ్గర కూడా ఆలోచనలు లేకపోలేదు. ఓబీ నుంచి ఇసుక తీస్తున్నారు, దాంతో గోదావరి ఇసుక మీద భారం కొంతైనా తగ్గుతుంది. వదిలేసిన ఓపెన్‌కాస్టు గుంటలో నిలిచిన నీళ్లతో పంప్డ్ స్టోరేజీ కరెంటు తియ్యాలన్న ప్రతిపాదన ఉంది. గనులు చూపించడానికి ఆర్టీసీ వాళ్లు సింగరేణి దర్శన్ అని బస్సు పెట్టారు. గుట్టల మీద జామాయిలు నాటారు, వెదురు నాటారు. వీటిలో మంచివి ఉన్నాయి. నా ఇబ్బందల్లా ఇవన్నీ పైనుంచి దిగే ఆలోచనలే కావడం. రేపు ఎవరో మా గుట్ట మీద కూడా రోప్‌వే పెట్టి, అడ్వెంచర్ పార్కని బోర్డు పెట్టి, టికెట్టు పెడితే మావాళ్లు చప్పట్లు కొడతారు, నేనూ పిల్లల్ని తీసుకెళ్తాను. కింద ఉన్న ఊరి పేరు ఆ బోర్డు మీద ఉంటుందో లేదో మాత్రం చెప్పలేను.

పేరంటే గుర్తొచ్చింది. రామగిరి ఖిల్లా ఉన్న గుట్టకి పేరుంది, కథలున్నాయి, మూలికల కోసం వచ్చే వైద్యులున్నారు. రామగుండానికి ఆ పేరిచ్చిన గుట్టకీ రాముడి కథ ఉంది. వెర్మాంట్ కొండ మీద ఒక్కో దారికి ఒక్కో పేరుంది, అన్నిటికంటే కష్టమైన ఒకదానికి స్వర్గమని పేరు పెట్టుకున్నారు. మా ఓబీ గుట్టలకి పేర్లు లేవు. ఫలానా ఓసీపీ డంపు, ఇంటర్నల్ డంపు, ఎక్స్‌టర్నల్ డంపు. దాని కింద పూడిపోయిన ఊరి పేరు కూడా గుట్టకి పెట్టలేదు.

ఈ మాట బాపుతో అంటే, "పేరు పెడితే ఏమొస్తదిరా?" అన్నారు. కాసేపాగి, ఆయన సర్వీసు మొదట్లో అక్కడున్న వాగు పేరు, వాగవతల మామిడితోట ఉన్న మనిషి ఇంటిపేరు, బతుకమ్మ ఏ గడ్డ మీద ఆడేవాళ్లో వరసగా చెప్పుకుంటూ పోయారు. నేను ఫోన్లో మ్యాప్ తెరిచి చూస్తే అవన్నీ ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ ఒకటి కనిపించింది.

కిందటి దసరాకి మా వదినతో పాటు గునుగు పూలకి గుట్ట దగ్గరికెళ్లాను. పాదం దగ్గర పాతగా పోసిన మెట్టు మీద సర్కారు తుమ్మల మధ్య గునుగు, తంగేడు బాగానే లేచాయి. నాటినవాళ్లెవరూ లేరు. వాన నీళ్లు నేరుగా కోసిన గండ్లు పైనుంచి కిందిదాకా ఉన్నాయి, ఒక్కోటి మనిషి లోతు. వాటికి అడ్డంగా, వాలుని ఏటవాలుగా కోస్తూ, సన్నటి కాలిబాట ఒకటి మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. మేకల దారట. నిటారుగా ఎక్కితే జారుతుందని మేకలకి తెలుసు. పోయినేడు వానలకి సగం కొట్టుకుపోతే, ఇంకాస్త పక్కనుంచి మళ్లీ తొక్కుకున్నాయని మేకలాయన చెప్పాడు. సెక్యూరిటీవాళ్లు చూస్తే అరుస్తారని, పూలు తొందరగా తెంపుకొమ్మని కూడా చెప్పాడు.